ఒకటో నంబరు కుర్చీలో ఎవరు?

లినక్స్ ప్రపంచంలో ఒక చిన్న ప్రోగ్రాంపై రేగిన తగువు, ‘వద్దు’ అనే హక్కుకు ఎంత ఖర్చవుతుందో చెబుతోంది

కంప్యూటర్ మీట నొక్కిన క్షణం నుంచి లాగిన్ తెర కనిపించే దాకా గడిచే కొద్ది సెకన్లలో లోపల ఒక అధికార బదిలీ జరుగుతుంది. లినక్స్ యంత్రమైతే మొదట కెర్నెల్ మేల్కొంటుంది. మెమరీ, డిస్క్, కీబోర్డు వగైరా చేతికందాయని చూసుకున్నాక ఒకే ఒక్క ప్రోగ్రాంను పిలిచి పగ్గాలు అప్పగిస్తుంది. ఆ ప్రోగ్రాంకు దక్కే క్రమసంఖ్య 1. నెట్‌వర్క్, ప్రింటర్, గడియారం, తెర మీద కనిపించే సమస్తం దాని పిల్లలో, పిల్లల పిల్లలో. కన్నవారు ముందే పోయిన అనాథ ప్రోగ్రాంలు కూడా చివరికి దాని పంచనే చేరతాయి. అది కూలిపోతే కెర్నెల్ చేతులెత్తేస్తుంది, యంత్రం ఆగిపోతుంది. యునిక్స్ పరిభాషలో దాని పేరు ఇనిట్.

ఇంత కీలకమైన కుర్చీలో ఎవరు కూర్చున్నారో మామూలు వినియోగదారుకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాదు. అయితే 2010 నుంచీ ఆ కుర్చీ కోసం సాగుతున్న తగువు రాజనీతిశాస్త్రం చదివిన వారికి ఎంతో పరిచితంగా అనిపిస్తుంది. సమాన ఓట్లు, కాస్టింగ్ ఓటు, రాజీనామాలు, చీలిక, మైనారిటీ హక్కులు అన్నీ ఉన్నాయందులో. లేనిదల్లా పోలీసు బందోబస్తు మాత్రమే. ఒక దశలో దాని అవసరమూ ఉందేమో అనిపించింది.

చాలా ఏళ్లపాటు ఆ కుర్చీ పాతకాలపు పెద్దమనిషిది. 1983లో ఏటీ అండ్ టీ విడుదల చేసిన యునిక్స్ సిస్టమ్ ఫైవ్ నుంచి వచ్చిన పద్ధతి అది. ఏ సేవను ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే చిన్న చిన్న స్క్రిప్టులను వరుసగా, ఒకదాని తర్వాత ఒకటి నడిపించేది. సులువుగా అర్థమయ్యేది. చదవగలిగిన వారెవరైనా తెరిచి దిద్దుకోగలిగేవారు. కాకపోతే నిదానం. పైగా, తాను మొదలుపెట్టిన సేవ తర్వాత బతికి ఉందో పోయిందో పెద్దగా పట్టించుకునేది కాదు.

2010 ఏప్రిల్‌లో రెడ్‌హాట్ ఇంజనీరు లెనార్ట్ పొయెటరింగ్ దీనికి ప్రత్యామ్నాయంగా సిస్టమ్‌డిని ప్రకటించారు. కే సీవర్స్‌తో కలసి ఆయన రూపొందించిన ఈ వ్యవస్థ సేవలను వరుసలో నిలబెట్టకుండా వీలైనన్నింటిని ఒకేసారి లేపుతుంది. ఏ సేవ ఏ ఏ ప్రోగ్రాంలను కన్నదో కెర్నెల్ సాయంతో లెక్క రాసుకుంటుంది. కూలిన దాన్ని మళ్లీ నిలబెడుతుంది. ఇదివరకు వంద వరుసలు పట్టే స్క్రిప్టు పని పది వరుసల్లో తేలిపోతుంది. వేల సర్వర్లను చూసుకునే వారికి ఇది వరమే. 2011లో ఫెడోరా, 2012లో ఆర్చ్, 2014లో రెడ్‌హాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7, 2015లో డెబియన్, ఉబుంటు దీన్ని స్వీకరించాయి. అయిదేళ్లలో దాదాపు దేశమంతా ఒకే పార్టీ గెలిచినట్టయింది.

అభ్యంతరం కూడా అక్కడే మొదలైంది. వచ్చింది ఇనిట్‌గానే అయినా, సిస్టమ్‌డి అక్కడితో ఆగలేదు. చిట్టాలు రాసే పని తీసుకుంది, అదీ మామూలు టెక్స్ట్‌లో కాకుండా తన సొంత పద్ధతిలో. ఎవరు లాగిన్ అయ్యారో చూసే పని, గడియారం సరిచేసే పని, నెట్‌వర్క్ చిరునామాలు వెతికే పని ఒక్కొక్కటిగా అదే గొడుగు కిందికి చేరాయి. కొత్త పెన్‌డ్రైవ్ పెట్టగానే గుర్తుపట్టే యూడెవ్ అనే ప్రోగ్రాంను 2012లో ఆ ప్రాజెక్టులోనే కలిపేశారు. ఒక పని చేసే ప్రోగ్రాం ఆ ఒక్క పనినే బాగా చేయాలన్నది యునిక్స్ పెద్దలు నేర్పిన నీతి. దానికిది విరుద్ధమన్నారు వ్యతిరేకులు. ఇవన్నీ వేర్వేరు ప్రోగ్రాంలే, ఒకే చోట తయారవుతున్నాయంతే, ఇష్టం లేనివి ఆపుకోవచ్చు అన్నారు సమర్థకులు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

తగువు మర్యాద హద్దులు దాటడానికి ఎంతో కాలం పట్టలేదు. తనను చంపించడానికి బిట్‌కాయిన్లలో చందాలు పోగుచేసే దాకా వెళ్లారని 2014 అక్టోబర్‌లో పొయెటరింగే స్వయంగా రాశారు. ఉచితంగా పంచుకునే సాఫ్ట్‌వేర్ కోసం, అదీ కంప్యూటర్‌ను మేల్కొలిపే ప్రోగ్రాం కోసం! ఆ ద్వేషానికి సమర్థన లేదు. కానీ ఆ గొడవలో అసలు ప్రశ్న కొట్టుకుపోకూడదు. సాంకేతికంగా మెరుగైనదే అయినా, నాకు వద్దనుకుంటే ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు డెబియన్ ఓటుతో జవాబిచ్చింది. స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే డెబియన్‌కు రాజ్యాంగం ఉంది, ఎన్నికలున్నాయి, వివాదాలు తేల్చడానికి సాంకేతిక సంఘం ఉంది. 2014 ఫిబ్రవరిలో ఎనిమిది మంది సభ్యుల ఆ సంఘం నిట్టనిలువునా చీలింది. సిస్టమ్‌డికి నలుగురు, ఉబుంటు వారి అప్‌స్టార్ట్‌కు నలుగురు. అధ్యక్షుడు బిడేల్ గార్బీ కాస్టింగ్ ఓటు సిస్టమ్‌డికి పడింది. ఓడిన అప్‌స్టార్ట్‌ను పెంచి పోషించిన ఉబుంటు అధినేత మార్క్ షటిల్‌వర్త్ కొద్ది రోజుల్లోనే తాము కూడా డెబియన్ బాటలో నడుస్తామని ప్రకటించారు. మరే ఇతర ప్రోగ్రాం కూడా ఒక నిర్దిష్ట ఇనిట్ ఉంటేనే పనిచేస్తాననకుండా నిబంధన పెట్టాలని ఇయాన్ జాక్సన్ అదే ఏడాది ప్రతిపాదించారు. నవంబర్‌లో సభ్యులందరూ ఓటేస్తే, అసలు ఇలాంటి తీర్మానమే అక్కర్లేదన్న పక్షం గెలిచింది. జాక్సన్ సాంకేతిక సంఘం నుంచి వైదొలిగారు.

ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదు. మన దేశంలో ప్రభుత్వ కార్యాలయాల కోసం సి-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కు పునాది డెబియనే. డెబియన్ ఇంటి పెద్ద ఏది తింటే పిల్లలకూ అదే వడ్డిస్తారు. ఎనిమిది మందిలో ఒకరి అదనపు ఓటు మన ఆఫీసుల్లోని కంప్యూటర్ల ఒకటో నంబరును కూడా నిర్ణయించిందన్నమాట.

సంస్థ తీరు నచ్చనివారి ముందు రెండు దారులుంటాయని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1970లో తన ప్రసిద్ధ గ్రంథంలో వివరించారు. ఒకటి, లోపలే ఉండి గొంతెత్తడం. రెండు, బయటికి నడవడం. డెబియన్‌లో గొంతెత్తిన వారు ఓడారు. వారిలో కొందరు 2014 నవంబర్‌లోనే బయటికి నడిచి డెవ్యువన్ పేరుతో వేరు కుంపటి పెట్టారు. సిస్టమ్‌డి లేని డెబియన్ అది. ప్రకటన సులువే. తొలి స్థిరమైన వెర్షన్ 1.0 రావడానికి మాత్రం 2017 మే దాకా పట్టింది. వేరు కాపురానికి ఇల్లు వెతుక్కోవడం కన్నా సామాను సమకూర్చుకోవడమే కష్టం.

ఈ రెండు దారులకూ భిన్నమైన మూడో దారి ఒకటుంది. అది జెంటూ. తెలుగువారికి ఈ పేరు విన్నట్టుగా ఉంటే ఆశ్చర్యం లేదు. ఈస్ట్ ఇండియా కంపెనీ కాలంలో మద్రాసు దొరలు తెలుగు భాషను జెంటూ అనే పిలిచేవారు. ఈ లినక్స్‌కు మాత్రం ఆ పేరు వేగంగా ఈదే ఒక పెంగ్విన్ నుంచి వచ్చింది. డేనియల్ రాబిన్స్ మొదలుపెట్టిన దీని 1.0 వెర్షన్ 2002 మార్చిలో వెలువడింది.

మిగతా డిస్ట్రిబ్యూషన్లు వండిన భోజనం పంపిస్తాయి. జెంటూ బియ్యం, పప్పు, తిరగమోత దినుసులతో పాటు వంట విధానం రాసిన కాగితం పంపిస్తుంది. అంటే ప్రోగ్రాంల సోర్స్ కోడ్ దించుకుని మన యంత్రంలోనే కంపైల్ చేసుకోవాలి. పెద్ద ప్రోగ్రాంలకు గంటలు పడతాయి. 2023 డిసెంబర్ నుంచి వండినవి కూడా ఇస్తున్నారు గానీ వంటింటి తాళం ఇంకా మన చేతిలోనే ఉంటుంది. వంట మనదే కాబట్టి ఉల్లి వేయాలా వద్దా అన్నదీ మన ఇష్టమే.

ఆ ఇష్టాన్ని చెప్పే పద్ధతి చిత్రంగా ఉంటుంది. వ్యవస్థలో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది. అందులో ‘యూజ్’ అనే వరుసలో కావలసిన సౌకర్యాల పేర్లు రాస్తే చాలు, వద్దనుకున్న వాటి ముందు ఒక మైనస్ గుర్తు పెడితే చాలు. సిస్టమ్‌డి ముందు మైనస్ పెట్టి మొత్తం వ్యవస్థను మళ్లీ కంపైల్ చేస్తే, ప్రతి ప్రోగ్రాంలోనూ సిస్టమ్‌డితో మాట్లాడే భాగం అసలు తయారే కాదు. ఆపి ఉంచడం కాదు, లేకపోవడం. ఇంకా అనుమానం ఉంటే నిషేధిత జాబితా ఫైలులో దాని పేరు చేర్చవచ్చు. ఆ తర్వాత ఏ ప్రోగ్రాం అయినా దాన్ని వెంటబెట్టుకు రాబోతే పోర్టేజ్ అనే ప్యాకేజీ నిర్వాహకుడు గుమ్మంలోనే ఆపి, ఎవరు తెస్తున్నారో పేరు పెట్టి చెబుతాడు.

మొదటిసారి స్థాపించేటప్పుడే జెంటూ రెండు మూటలు చూపిస్తుంది. ఒకటి సిస్టమ్‌డితో, మరొకటి ఓపెన్‌ఆర్‌సితో. జెంటూ ఇంట్లోనే పుట్టిన ఓపెన్‌ఆర్‌సిని 2007లో రాయ్ మార్పుల్స్ విడిగా తీర్చిదిద్దారు. పాత పెద్దమనిషిని ఒకటో నంబరు కుర్చీలోనే ఉంచి, సేవలను నడిపే పని తాను చూసుకోవడం దాని ప్రత్యేకత. చిన్న సైజుకు పేరుపడ్డ ఆల్పైన్ లినక్స్ కూడా దాన్నే వాడుతుంది. ఇక్కడ విశేషమేమంటే జెంటూ సిస్టమ్‌డిని నిషేధించలేదు. కావాలన్న వారికి అదీ ఉంది. గెలిచినవారూ ఓడినవారూ లేరు, ఓటింగే జరగలేదు. ఎవరి ఇంటి ఒకటో నంబరును వారే నియమించుకుంటారు.

కొందరు ఇంకా మడి కట్టుకుంటారు. చాలా ప్యాకేజీలు సిస్టమ్‌డి కోసం కొన్ని అక్షరాల చిన్న టెక్స్ట్ ఫైళ్లను కూడా డిస్క్‌లో పెట్టిపోతాయి. చదివేవారు లేకపోతే అవి ఉత్త కాగితాలే, హాని ఏమీ లేదు. అయినా అవి కూడా డిస్క్‌ను తాకకూడదని మరో నిబంధన రాసుకునే వారున్నారు. అది సాంకేతిక అవసరం కాదు, ఆచారం.

ఈ మైనస్ గుర్తు ఎంత బలమైనదో, ఎంత బలహీనమైనదో నా పాత ల్యాప్‌టాప్ నాకు ఒకేరోజు నేర్పింది. అందులో జెంటూ వేసుకుని, ఉత్సాహంగా సిస్టమ్‌డి ముందు మైనస్ రాసి, రాత్రంతా కంపైల్ కానిచ్చాను. తెల్లవారి చూస్తే తెర చక్కగా వచ్చింది. పెన్‌డ్రైవ్ పెడితే మాత్రం తెరవడానికి నాకు అనుమతి లేదంది. షట్‌డౌన్ మీట నొక్కితే దానికీ అధికారం లేదంది. నా ఇంట్లో నేనే పరాయివాణ్ని. తప్పు నాదే. కుర్చీ ముందు కూర్చున్నది ఎవరు, అతనికి ఏ పరికరాలపై హక్కుంది అన్న లెక్క చూసేది సిస్టమ్‌డిలోని లాగిన్‌డి అనే భాగం. దాన్ని వద్దన్నాను, ఆ పని మరెవరు చేయాలో చెప్పలేదు. మైనస్ రాశాను, ప్లస్ రాయడం మరిచాను. ‘ఈలాగిన్‌డి’ అన్న ఒక్క మాట ఆ వరుసలో చేర్చి, సంబంధిత ప్యాకేజీలను మళ్లీ కంపైల్ చేశాక ఇల్లు నాదైంది.

అసలు కథ ఆ ఒక్క మాట వెనుక ఉంది. 2013లో గ్నోమ్ డెస్క్‌టాప్ 3.8 వెర్షన్ వచ్చేసరికి లాగిన్‌డి లేనిదే నడవని పరిస్థితి ఏర్పడింది. జెంటూలో కూడా గ్నోమ్ కావాలంటే సిస్టమ్‌డి పెట్టుకోక తప్పలేదు. మైనస్ గుర్తు ఫైలులో అలాగే ఉంది, అందుకు బదులు పెట్టడానికి చేతిలో ఏమీ లేదు. తర్వాత గిక్స్ అనే మరో డిస్ట్రిబ్యూషన్ అవసరం కోసం ఆండీ వింగో సిస్టమ్‌డి నుంచి లాగిన్‌డి భాగాన్ని మాత్రం విడదీసి ఈలాగిన్‌డి చేశారు. మరికొందరు దాన్ని పెంచారు. 2019 మార్చిలో గ్నోమ్ 3.30తో జెంటూ ఒక ప్రకటన చేసింది, గ్నోమ్ మళ్లీ ఓపెన్‌ఆర్‌సితో పనిచేస్తుందని. ఆరేళ్లపాటు కాగితం మీద ఉన్న హక్కు అప్పుడు చేతికొచ్చింది. ఇచ్చింది చట్టం కాదు, కొందరి చాకిరీ.

చాకిరీ చేసేవారు అలసిపోతే ఏమవుతుందో కూడా జెంటూ చూసింది. యూడెవ్‌ను సిస్టమ్‌డిలో కలిపేశాక 2012లో జెంటూ డెవలపర్లు దాన్ని విడదీసి ఈయూడెవ్‌గా నిలబెట్టారు. ఏళ్లు గడిచేకొద్దీ దాన్ని చూసుకునేవారు కరవయ్యారు. 2021లో జెంటూ ఆ బాధ్యత వదులుకుంటున్నట్టు ప్రకటించింది. తర్వాత ఇతర డిస్ట్రిబ్యూషన్ల వారితో కూడిన బృందం దాన్ని అందుకుంది. ఇప్పుడు జెంటూలో ఓపెన్‌ఆర్‌సి వాడేవారికి మామూలుగా దక్కే యూడెవ్ సిస్టమ్‌డి సోర్స్ నుంచే విడిగా కంపైల్ అవుతుంది. నా ల్యాప్‌టాప్‌లోనూ అంతే. ఒకటో నంబరు కుర్చీలో సిస్టమ్‌డి లేదు, కానీ పెన్‌డ్రైవ్‌ను గుర్తుపట్టేది మాత్రం ఆ ఇంటి బిడ్డే. సంపూర్ణ బహిష్కరణ అనుకున్నది చివరికి సర్దుబాటే.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి 2024 మార్చి 29 ఒక జవాబిచ్చింది. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి మామూలుకన్నా అర సెకను ఆలస్యమవుతోందెందుకని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దొంగదారి ఒకటి బయటపెట్టారు. దాని గురి సర్వర్లలో దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్. నిజానికి ఆ రెండింటికీ బంధుత్వమే లేదు. అయితే ‘నేను సిద్ధం’ అన్న చిన్న కబురు సిస్టమ్‌డికి పంపడానికి పలు డిస్ట్రిబ్యూషన్లు ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌కు సిస్టమ్‌డి లైబ్రరీని అతికించాయి. ఆ లైబ్రరీ వెంట ఎక్స్‌జెడ్ వచ్చింది. జెంటూ ఆ అతుకు వేయలేదు కాబట్టి ఆ దారి అక్కడ మూసే ఉంది. దొంగదారి పెట్టింది సిస్టమ్‌డి వారు కాదన్నది గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత వారూ ఇలాంటి లంకెలను సడలించారు, ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ కూడా లైబ్రరీ లేకుండానే కబురు పంపడం నేర్చుకుంది. అందరి ఇళ్లూ ఒకే నమూనాలో కడితే ఒకే తాళంచెవి అన్నింటికీ పడుతుందన్నది మాత్రం రుజువైంది.

ఆ ఉదంతంలో రెండో పాఠం ఇంకా ముఖ్యమైనది. దొంగదారి పెట్టిన వ్యక్తి రెండేళ్లకు పైగా సాయం చేస్తున్నట్టు నటించి నమ్మకం సంపాదించాడు. ఎక్స్‌జెడ్‌ను ఒంటరిగా, జీతం లేకుండా మోస్తూ అలసిపోయిన ఒక స్వచ్ఛంద నిర్వాహకుడు ఆ సాయాన్ని నమ్మాడు. ఈలాగిన్‌డిని నిలబెట్టింది ఎలాంటి శ్రమో, ఎక్స్‌జెడ్‌లో కుంగింది కూడా అలాంటి శ్రమే. ప్రత్యామ్నాయం ఉన్నంత మాత్రాన భద్రత రాదు, దాన్ని చూసుకునే మనుషులుండాలి.

ఇక్కడే మన ఓటింగ్ యంత్రంలోని నోటా గుర్తొస్తుంది. 2013 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ మీట వచ్చింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇందౌర్‌లో 2 లక్షలకు పైగా ఓటర్లు దాన్ని నొక్కారు. అయినా గెలవవలసిన అభ్యర్థి గెలిచారు. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో నోటాకు ఎన్ని ఓట్లు పడినా మిగిలినవారిలో ముందున్నవారే విజేత. ‘వద్దు’ అనడానికి మీట ఉంది, దాని వెనుక ‘బదులు ఇది’ అనేది లేదు. 2013 నుంచి 2019 దాకా గ్నోమ్ వాడాలనుకున్న జెంటూ వినియోగదారు మైనస్ గుర్తుది కూడా సరిగ్గా ఇదే పరిస్థితి. దానికి విలువ తెచ్చింది ఆగ్రహం కాదు, హత్యకు చందాలు అసలే కాదు. మెజారిటీని తిట్టడం మాని, తమకు కావలసిన ముక్కను తామే చెక్కుకున్న కొద్దిమంది.

వద్దనుకునేవారు గుప్పెడు మందే కదా, వారి కోసం ఇంత హంగామా ఎందుకన్న వాదనా ఉంది. కానీ ఈ వ్యాసం మీరు ఆండ్రాయిడ్ ఫోనులో చదువుతుంటే అందులో ఉన్నదీ లినక్స్ కెర్నెలే, ఒకటో నంబరు కుర్చీలో ఉన్నది గూగుల్ సొంత ఇనిట్. సిస్టమ్‌డి కాదు. గూగుల్‌కు ఇంజనీర్లున్నారు కాబట్టి తనకు కావలసింది తాను రాసుకుంది, ఎవరూ ప్రశ్నించలేదు. ఆ సౌలభ్యం లేని మామూలు వినియోగదారుకూ అదే హక్కు ఉండాలనడమే జెంటూ చేస్తున్న పని.

అది ఎన్నాళ్లు సాగుతుందో ఎవరు పనికి నిలుస్తారన్న దాన్నిబట్టి ఉంటుంది. 2025లో గ్నోమ్ బృందం 49వ వెర్షన్ నుంచి తమ డెస్క్‌టాప్ సిస్టమ్‌డి మీద మరింతగా ఆధారపడుతుందని ముందుగానే ప్రకటించింది. వారి కారణాలు వారికున్నాయి. ఎవరూ వాడని రెండో దారిని ఊడ్చి తుడవడం వారికి భారమే. అంటే సిస్టమ్‌డి వద్దనుకునేవారికి మళ్లీ పని పడింది. మైనస్ గుర్తు రాయడానికి ఒక్క క్షణం చాలు. దాని పక్కన రాయవలసిన ప్లస్ కోసం ఈసారి ఎవరు ముందుకొస్తారో, వారికి ఎందరు తోడు నిలుస్తారో అన్నదే చూడాలి.